పుట్టింటి తరఫున

మూకుడులో శొంఠి వేగుతోంది. ఆ తర్వాత పిప్పళ్ళు, వాము వేయించి, దంచి, బెల్లం పాకంలో కలిపితే బాలింత లేహ్యం తయారు. డబ్లిన్‌లో ఉన్న అక్క ఆరతికి నెల తిరిగేసరికి తొలి కానుపు. తనకు ఉద్యోగం వచ్చిందీ ఆ ఊళ్ళోనే కాబట్టి డబ్బా మోసుకెళ్ళే పని తనదేనని సునయనకు తెలుసు. అందుకే గరిటె పట్టుకుని నిలబడింది.

"బాగా చూసి నేర్చుకోవే," అంది తల్లి రాజలక్ష్మి. "అయిపోతే ఆడ మళ్ళా చేయాల్సింది నువ్వే. బిడ్డకు నీళ్ళెట్ల పోసేదీ పక్కింటి జెబని అడిగి తెలుసుకో."

సునయన చేతిలో గరిటె ఆగింది. "నేనా? ఆడ నాకు ఉద్యోగం కదమ్మా?"

"ఉద్యోగం పగలే కదే!"

తొలి కానుపు పుట్టింటివాళ్ళే చేయాలి. ఇక్కడ పెరంబూరు ఇంట్లో నానమ్మ మంచం పట్టింది, ఆమెను వదిలి అమ్మ గడప దాటలేదు. నాన్న గడప దాటగలడు గానీ, ఆయన వెళ్ళి చేసేదేముంది? కాబట్టి పుట్టింటి తరఫున సునయన. ఈ సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసు. బ్యాంకులో ఉద్యోగం ఖాయమైందని చెప్పిన రోజు అమ్మ దీపం పెట్టి ఏడ్చింది. తన కోసమే అనుకుని తనూ కళ్ళు తుడుచుకుంది. ఎంత వెర్రిది! "అమ్మవారు సరిగ్గా టైముకు పంపిస్తా ఉంది" అని ఆ రోజు అమ్మ అన్న మాటకు అర్థం ఇవాళ తెలిసింది. "అక్కకు తోడు పోతున్నావంట" అని జెబ ఆంటీ అన్నప్పుడైనా తెలియాల్సింది. తాముండే క్వార్టర్స్ వీధిలో ఒక్కరంటే ఒక్కరు బ్యాంకు మాట ఎత్తలేదు. అప్పు అడిగిన కంపెనీ తిరిగి కట్టగలదో లేదో తేల్చే పని తనది. ఆ పని కోసమే ఫైనాన్స్ చదివింది. మొదటి ఆరు నెలలు శిక్షణ, పరీక్షలు. తప్పితే ఉద్యోగం పోతుంది, దాని వెనకే వీసా.

ఇదంతా నాన్నకు విడమరచి చెప్పింది. ఆయన పేపరు మడిచి, "లీవు అడుగు. ఆడపిల్ల కష్టం చెప్తే ఎవరైనా ఇస్తారు" అన్నాడు. ఫోనులో బావ అమరనాథ్ ఇంకా ముచ్చటగా చెప్పాడు. "మా ఇంట్లోనే ఉంటే నీకు అద్దె కూడా కలిసొస్తుంది సునయనా. సాయంత్రం వచ్చి వంట చేసేసి, పాపతో ఆడుకుంటే టైమ్‌పాస్ అయిపోద్ది."

అక్క మీద ప్రేమ లేకనా? ఆ ప్రేమే కదా ఇప్పుడు కాల్చుకు తింటోంది. పాప ఏడిస్తే తను లేవకుండా ఉండగలదా? లేస్తుంది. మర్నాడూ లేస్తుంది. పరీక్షలో నిద్రపోతుంది. ఉద్యోగం ఊడి ఇంటికొస్తే, "పోనీలే, అక్కకు సాయమైంది" అంటారు. ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే వచ్చిన చావు. చెడ్డవాళ్ళైతే ఒక మాట విసిరికొట్టి పోవచ్చు. అక్కనే అడుగుదామంటే భయం. ఎప్పుడు ఫోను చేసినా బావే మాట్లాడతాడు, వెనక గిన్నెల చప్పుడులోంచి అక్క "బాగున్నావా" అని కేకేస్తుంది. అక్కకు ఏం కావాలో ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు. తనూ అడగలేదు.

ఆదివారం వీడియో కాల్‌లో అమరనాథ్ ఫోను తిప్పి గది చూపించాడు. "చూశావా, ఉయ్యాల పక్కనే నీ మంచం."

"బావా, నేను ఆఫీసు దగ్గర రూము తీసుకున్నాను. నిన్న ఖాయమైంది." సునయన తొణక్కుండా చెప్పింది. "ఆదివారాలు వచ్చి పాపను ఎత్తుకుంటాను. మిగతా రోజులకు మీరు సెలవు పెట్టండి. ఆడ తండ్రులకూ ఇస్తారంట కదా."

"నేనా? నాకేం తెలుసు ఆ పనులు?"

"నాకు మాత్రం ఏం తెలుసు బావా? నాకింకా పెళ్ళే కాలేదు."

నాన్న తల పక్కకు తిప్పుకున్నాడు. రాజలక్ష్మి మోచేత్తో పొడిచింది. "నోరు ముయ్యవే! కడుపుతో ఉండే పిల్ల, వింటే ఏమనుకుంటుంది?"

విననే విన్నది. ఆరతి నిండు కడుపుతో, తడి చేతులతో వంటింట్లోంచి వచ్చి మొగుడి చేతిలో ఫోను లాక్కుంది. సునయన ఫోనుకు దగ్గరగా జరిగింది.

"సునా," అంది ఆరతి, "ఆ రూములో ఇద్దరికి చోటుందా?"