ఫాతిమా రాసిన యాభై పేజీలు

నంద్యాలలో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పే నిలోఫర్ నాలుగేళ్లుగా ఒక నవల రాస్తోంది. అంతకుముందు పదకొండు కథలు అచ్చయ్యాయి. నవల మాత్రం నలభై మూడో పేజీ దాటలేదు. దానికోసం పాత్రల వంశవృక్షం గీసుకుంది, కథ జరిగే ఊరి పటం వేసుకుంది, కేసీ కాలువ గురించి పాత పుస్తకాలు తెచ్చి గుర్తులు పెట్టుకుంది. స్టాఫ్ రూములో ఎవరైనా "మేడం, నవల యాడికొచ్చె?" అని అడిగితే "నడుస్తాంది" అని తప్పించుకునేది.

బక్రీదుకు ఆళ్లగడ్డ నుంచి ఆడబిడ్డ ఫాతిమా వచ్చింది. పదో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. భోజనాలయ్యాక ఇద్దరూ వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే, "భాభీ, నేను గూడా ఒక నవల రాస్తాండా" అంది సిగ్గుపడుతూ. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే ఆ ఇద్దరూ పుస్తకాల సంగతి వస్తే మాత్రం తెలుగులోకి దిగేవాళ్లు.

"మంచిదే. ఎన్ని పేజీలైంది?"

"నూటా ఎనభై."

నిలోఫర్ తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది. "ఎప్పుడు మొదలుపెట్టినావు?"

"రంజాన్ అయినంక. జాకెట్టుకూ జాకెట్టుకూ నడమ రెండు పేజీలు రాసుకుంటా. ఒకసారి చదివి చెప్పు భాభీ. నీకంటే తెల్సినోళ్లు మనింట్లో ఎవురుండారు?"

వెళ్తూ మొదటి నోటుబుక్కు ఇచ్చిపోయింది. నిలోఫర్ తప్పులు వెతుకుదామనే తెరిచింది. అక్షరదోషాలు కనిపించాయి. ఆ తరువాత అవి కూడా కనిపించడం మానేశాయి. కథలో హుసేన్‌బీ అనే ఆమె గాజుల మలారం మోసుకుని గడివేముల చుట్టుపక్కల పల్లెలు తిరుగుతుంది. ఒక ఇంట్లో కొత్త కోడలి చేయి పట్టుకుంటుంది. ఆరునెలల కిందట తానే తొడిగిన గాజులు ఇప్పుడు మోచేతి దాకా జారిపోతున్నాయి. హుసేన్‌బీ ఏమీ అడగదు. అత్త చూస్తుండగానే చిన్న సైజు గాజులు తీసి తొడుగుతుంది. అంతే.

నిలోఫర్ పుస్తకం మూసేసింది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నా తన చేతికి అందనిది, బట్టలు కత్తిరించే చేతికి ఎలా అందింది? ఆ మంట ఆమెను వారం పాటు వదల్లేదు. నోటుబుక్కు తిరిగి పంపేముందు మొదటి యాభై పేజీలను ఫోనులో ఫోటోలు తీసుకుంది. తప్పులు రాసిపెట్టడానికేనని తనకు తాను చెప్పుకుంది. తరువాత ఆళ్లగడ్డకు ఫోను చేసింది.

"నవలంటే ప్లాను ఉండల్ల ఫాతిమా. నీ మొదటి యాభై పేజీల్లో కథే లేదు. తీసెయ్. ప్లాను రాసుకోని మళ్లా మొదటినుంచి రాయి."

"అట్లేలే భాభీ. నువ్వు చెప్పినావంటే సరే."

ఆ తరువాత ఫాతిమా నవల ఊసెత్తలేదు. ఈలోపు నిలోఫర్‌కు చేయి ఆడింది. తనకంటే ముందు ఎవరూ నడవడం లేదన్న ధైర్యంతో రెండు నెలల్లో ఇరవై మూడు పేజీలు రాసింది.

ఒక ఆదివారం జాకెట్టు గుడ్డ తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది. నిజానికి గుడ్డ ఒక సాకు. ఫాతిమా మళ్లీ రాస్తోందేమో కళ్లతో చూసి రావాలని ఆమె ఆరాటం. వీధి చివర శిల్పుల ఉలుల చప్పుడు వినిపిస్తోంది. ముందుగదిలో మేకుకు కాగితాల కట్ట వేలాడుతోంది. కొలతల కోసం చేతుల ఆకారంలో, మెడ ఆకారంలో కత్తిరించిన కాగితాలు. పైదాని మీద ఫాతిమా దస్తూరీ ఉంది. "హుసేన్‌బీ మలారం దించి" దాకా ఉంది, మిగతా వాక్యం కత్తెరకు పోయింది.

"ఏందే ఇది?"

"నువ్వు తీసేయమంటివి గదా. ఊరికే పారేసేదెందుకని వాడుకున్నా."

"మళ్లా మొదలుపెట్టలేదా?"

"నాలుగుసార్లు పెట్టినా. ప్లాను రాసుకోని కూసుంటా, చెయ్యి కదల్దు. ఇది నాకు చేతనయ్యే పని గాదులే భాభీ. ఇడ్సిపెట్టినా."

తాను కోరుకున్నదే జరిగింది. నిలోఫర్ మంచం మీద కూర్చుంది. "నీకు అబద్ధం చెప్పినా ఫాతిమా. ఆ పేజీలు శానా బాగుండాయి. ఓర్వలేక చెప్పినా."

ఫాతిమా కత్తెర కింద పెట్టింది. "ఓర్వలేకనా? నీ కథలు పేపర్లో పడతాయి. కాలేజీలో పాఠం చెప్తావు. నా దగ్గర ఏముందని ఓర్వలేకపోతివి?"

"నాకు రానిది నీకొచ్చింది."

"రెండు నెల్లు భాభీ! రెండు నెల్లు నన్ను నేనే తిట్టుకుంటి, మొద్దు ముండననుకుంటి."

నిలోఫర్ ఫోను తీసి చూపింది. "పేజీలు పోలేదు. ఫోటోలుండాయి."

"ఎందుకు తీసినావు?"

"మళ్లీ మళ్లీ చదువుకునేదానికి."

ఫాతిమా లేచింది. లోపలికి వెళ్లి కొత్త నోటుబుక్కు తెచ్చి ముందు పడేసింది. "నీ చేత్తోనే రాయి. ఒక్క మాట మార్సొద్దు."

ఐదు ఆదివారాలు నిలోఫర్ ఆళ్లగడ్డకు వెళ్లింది. వారానికి పది పేజీలు. మంచి వాక్యం వచ్చినప్పుడల్లా అదే మంట. తన చేతి రాతలో, తనది కాని మాటలు. అక్కడక్కడ దిద్దాలని చేయి దురద పెట్టేది. దిద్దలేదు. రెండో ఆదివారమే ఫాతిమా మిషను పక్కన ఇంకో పుస్తకం తెరిచి నూటా ఎనభై ఒకటో పేజీ మొదలుపెట్టింది. నిలోఫర్ తలెత్తితే పుస్తకానికి మోచేయి అడ్డం పెట్టేది.

"ఇది నీకు చూపీను. అచ్చయితే కొనుక్కోని చదువుకో."

చలికాలంలో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా ఫోను వచ్చింది.

"అయిపాయ భాభీ. మున్నూటారు పేజీలు."

"శానా సంతోషం ఫాతిమా. ఎట్ల ముగించినావు?"

"చెప్పను" అని నవ్వి ఫోను పెట్టేసింది.

సంతోషం అన్న మాట అబద్ధం కాదు. కానీ నిలోఫర్‌లో ఆ పాత మంటా పోలేదు. తన నవల డెబ్బై ఒకటో పేజీలో ఉంది. మంచినీళ్లు తాగింది. తరువాతి పీరియడు ఖాళీ. సంచీలోంచి కాగితాలు తీసి అరపేజీ రాసింది. చదువుకుని రెండు వాక్యాలు కొట్టేసింది. మిగతాది ఉంచింది.