ఎర్రావుకు వేసిన పొగ

నేను ఒక మట్టి కుంపటిని. అందం సంగతి అడక్కండి. సారె మీద నుంచి దించేటప్పుడే నా అంచు ఒక పక్కకు వాలింది. "పోనీలే, నిప్పుకి సోకెందుకు" అని కుమ్మరి అలాగే కాల్చేశాడు.

సంతలో నన్ను కొన్నది కోటిరత్నం, మనవరాలి కోసం. తలంటు పోసిన రోజున ఆ పసిదాని జుట్టుకు నా మీద సాంబ్రాణి పొగ పట్టేది. పిల్ల పెద్దదై తల్లితో వెళ్లిపోయాక నేను గొడ్లచావిడికి మారాను. మనుషుల పద్ధతే అంత, ఇంట్లో కాలం చెల్లినదంతా పశువులకు బదిలీ అవుతుంది. నాకేం చిన్నతనం అనిపించలేదు. సాయంత్రం పిడకల నిప్పు మీద పచ్చి వేపాకు పడేసి పెడితే దోమలు పరారయ్యేవి, పశువులు హాయిగా నెమరు వేసేవి.

పశువులంటే రెండే: ఎర్రావు, దాని పెయ్య. వరసగా మూడు కోడెదూడల తర్వాత పుట్టిన పెయ్య అది. "దీని పాడి చూడందే నేను పోను" అనేది కోటిరత్నం వచ్చిన వాళ్లందరితో.

ఆ వానల్లో ఎర్రావుకు జ్వరమొచ్చింది. రెండు రోజులకు ఒళ్లంతా రూపాయి బిళ్లంత గడ్డలు లేచాయి. లంపీ జబ్బన్నారు. కోటిరత్నం తెలివైనది. వెంటనే పెయ్యను విడదీసి, పెరటి అవతలి కొసన కట్టేసింది. తొట్టి వేరు, గడ్డి వేరు. ఆవును తాకిన చేతులు సబ్బుతో కడిగితే తప్ప పెయ్య దగ్గరికి పోయేది కాదు. ఇంత చేసి, నన్ను మాత్రం ఆవు పక్కనే పెట్టింది. జబ్బుపడ్డదానికే కదా సుఖం కావాలి! ఉన్నది ఒక్క కుంపటి. నేనూ గర్వంగా పొగ వదిలాను. గడ్డల మీద వాలిన దోమలు సగం కడుపుతోనే లేచాయి. ఎటు పోయాయో నేను చూశాను, కానీ నాకు నోరు లేదు.

ఎనిమిదో రోజున పెయ్య మెడ కింద మొదటి గడ్డ కనిపించింది. పశువుల డాక్టరు వచ్చాడు.

"ఒక్క పూట కూడా తాకనియ్యలేదు బాబూ," అంది కోటిరత్నం.

"తాకక్కర్లేదు పెద్దమ్మా, దోమ చాలు. గడ్డ మీద కుట్టినప్పుడు దాని మూతికి వైరస్ అంటుకుంటుంది. దోమకేం కాదు, మోస్తుందంతే. కడుపు నిండకముందే లేచిందనుకో, మిగతా ఆకలి పక్క పశువు మీద తీర్చుకుంటుంది. మూతికున్నది దాంట్లోకి దిగుతుంది."

"మరి... పొగేస్తే లేస్తాయిగా?" అంది నెమ్మదిగా.

డాక్టరు నా వైపు చూశాడు. తర్వాత పెయ్య వైపు చూశాడు. "ఇట్టాగే వచ్చిందని చెప్పలేంలే పెద్దమ్మా. ఈగలుండె, ఇంకా ఎన్నో ఉండె," అన్నాడు. మంచివాడు. ఆ మాట ఆమెకు ఎక్కలేదు.

ఆ సాయంత్రం నుంచి నేను పెయ్య దగ్గరే. కోటిరత్నం తన మంచానికున్న దోమతెర ఊడదీసి దాని మీద కప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకంటే ఎవరికి బాగా తెలుసు? లేత ప్రాణం. గొంతులో కూడా గడ్డలు లేచి, పోసిన గంజి పోసినట్టే బయటికొచ్చింది. అక్కణ్నుంచి ఆరో నాటి పొద్దున కాళ్లు చాపేసింది. ఎర్రావు మాత్రం తేరుకుంది.

నన్ను పగలగొడుతుందనుకున్నాను. పగలగొట్టినా బాగుండేది. బూడిద దులిపి, కడిగి, వాననీళ్లు నిలిస్తే దోమలు పెరుగుతాయని గోడవార బోర్లించింది. ఇప్పుడు నాకు కనిపించేది చారెడు మట్టి. వినడానికి మాత్రం అన్నీ వినిపిస్తాయి. సాయంత్రమయ్యేసరికి ఎర్రావు, పెయ్యను కట్టిన గుంజ వైపు తిరిగి అరుస్తుంది. కోటిరత్నం పక్కన కూర్చుని దానికి రోజూ అదే మాట చెబుతుంది.

"నీకోసమేనే తల్లీ. నీకోసమే ఏశాను ఆ పొగ."