గుల్ల ఎముక

ఆ మ్యూజియంలో ఆయన్ని అందరూ సూదిగారు అనేవాళ్లు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. రాయిలో ఇరుక్కున్న శిలాజపు ఎముకని సూదితో, కుంచెతో ఓపిగ్గా బయటికి తీయడం ఆయన ఉద్యోగం. నేలమాళిగలో ముప్ఫై ఎనిమిదేళ్లుగా అదే బల్ల, అదే భూతద్దం, అదే మెడనొప్పి. పక్షుల ఎముకల విషయంలో మరీ చెయ్యి తిరిగిన మనిషి. అగ్గిపుల్లంత ఎముకని కూడా బీట పడకుండా తీసి దూదిలో పడుకోబెట్టేవారు. బల్లకి ఎదురుగా గోడ మీద ఆయనే పెద్ద అక్షరాలతో రాసి అంటించిన కాగితం ఒకటుంది: "ముందు ఫోటో. తరవాతే సూది." కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా ఆ మాట మరిచారో, ఆ పూట వాళ్లకి మూడినట్టే.

పై అంతస్తులో మునక మాస్టారు ఉండేవారు. సూదిగారి అక్క మొగుడే. రిటైరై ఆరేళ్లయినా ఆయన గది ఆయనకే వదిలేశారు, ఖాళీ చెయ్యమని అడిగే ధైర్యం ఎవరికీ లేక. ముప్ఫై ఏళ్ల కిందట ఒక నల్ల పలకరాయి క్వారీలో ఆయనకి ఓ పక్షి నడుమూ, రెండు కాళ్లూ దొరికాయి. మనుషులు పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందు సముద్రంలో బతికిన పక్షి. ఆ రోజు మొదలు ఆయన నోట మునగడం తప్ప ఇంకో మాట లేదు, అందుకే ఆ పేరు.

ఆ పక్షి కాళ్లు బాగా వెనక్కి, ఎవరో పొరపాటున తోక దగ్గర తగిలించినట్టు ఉండేవి. నడవడానికి ఎందుకూ కొరగావు, నీళ్లు తన్నుకుంటూ కిందికి పోవడానికే. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. మాస్టారు అక్కడితో ఆగుంటే బాగుండేది. ఆగితే మాస్టారెలా అవుతారు? ఇది ఎగరడం కూడా మానేసిన పక్షి అన్నారు. ఎగిరే పక్షి ఎముక తేలిగ్గా ఉండాలి కనక లోపల గుల్లగా ఉంటుంది. మునిగే పక్షికి ఆ తేలికే శత్రువు, ఎంత తన్నుకున్నా పైకి తేలుస్తుంది. అందుకని తరాల తరబడి మునిగీ మునిగీ ఎముక లోపల గట్టిపడుతూ వస్తుంది. ఈనాటి నీటికాకులు, బుడబుంగలు ఆ దారిలో కొంత దూరం వచ్చి ఆగినవి, మునుగుతాయి, ఎగురుతాయి కూడా. తన పక్షి మాత్రం చివరిదాకా వెళ్లిందని ఆయన వాదన. సరే, రెక్క ఎముక చూపించండి, గట్టిగా ఉంటే ఒప్పుకుంటాం అన్నారు ఆ విద్య తెలిసినవాళ్లు. ఆ రెక్క ఎముక ముప్ఫై ఏళ్లు దొరకలేదు.

ఈలోగా మాస్టారి చూపు పోతూ వచ్చింది. చుట్టూ మసగ్గా కనబడేది, సరిగ్గా చూసినచోట ఏమీ కనబడేది కాదు. ఇక తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. అప్పటినుంచి పత్రికలు చదివి వినిపించే పని బావమరిది మీద పడింది. భోజనాలయ్యాక ఇద్దరూ కిటికీ పక్కన కూర్చునేవారు. బావ మనసు కష్టపెట్టే ముక్కలుంటే మింగెయ్యరా అని అక్క ముందే చెప్పి ఉంచింది. సూదిగారు మింగేవారు. పాత పక్షులన్నిటికీ పెద్ద జాబితా తయారుచేస్తున్న నిపుణురాలు ఒకావిడ, ఈ వాదన పరిశోధకుడి మొండితనం మీద తప్ప దేని మీదా నిలబడలేదు అని రాసినప్పుడైతే ఏకంగా నాలుగు పేరాలు మింగి, వాతావరణం గురించి ఉన్న పేరా రెండుసార్లు చదివి సర్దేశారు.

అలా ఉండగా, క్వారీ నుంచి వచ్చిన ఆఖరి పలకల్లో ఒకదాని అంచున రెక్క ఎముక బయటపడింది. వేలెడంత ముక్క. రెండు కొసలూ విరిగి ఉన్నాయి. మాస్టారు చంటిపిల్లాడైపోయారు. ఆ నిపుణురాలికే కబురు పెట్టించారు. జాబితా అచ్చుకి వెళ్లేలోపు గురువారం వచ్చి కళ్లారా చూస్తానని ఆవిడ జవాబిచ్చింది.

మంగళవారం మధ్యాహ్నానికి ఎముక రాయినుంచి విడివడింది. సూదిగారు విరిగిన కొసని భూతద్దం కింద పెట్టారు. అంచు నున్నగా, గట్టిగా ఉంది. మధ్యలోది ముతగ్గా, సూది తగిలితే పొడిపొడిగా రాలుతోంది. రెండూ ఒకటే నలుపు. ముప్ఫై ఎనిమిదేళ్ల చెయ్యి చెప్పేసింది: అంచు ఎముక, మధ్యలోది బురద. గుల్లగా ఉన్న ఎముకలోకి బురద చేరి రాయి కావడం ఆయన వేలసార్లు చూశారు. ప్రాణం ఉసూరుమంది. బావ ఓడిపోయాడు అనుకున్నారు. అయినా నిజం నిజమే కదా, ఆవిడకి శుభ్రంగా చూపించాలి కదా అనుకుని సూది అందుకున్నారు.

ఫోటో సంగతి గుర్తుకు రాకపోలేదు. కానీ అందరికీ రూలు రాసిన మనిషికి తనకంటూ ఓ చిన్న అలవాటుంది, ఎవరికీ తెలియనిది. ముఖం కడిగాక ఫోటో తీద్దాంలే అనుకునేవారు. బురద మొహంతో ఉన్న ఎముకని ఫోటో తీయడం ఆయనకి మనసొప్పేది కాదు. ఇన్నేళ్లలో ఆ అలవాటు వల్ల ఏ నష్టమూ జరగలేదు, అదే ఆయన కొంప ముంచింది. ఒక కొసనుంచి తొలిచారు. తిప్పి రెండో కొసనుంచి తొలిచారు. సాయంత్రానికి రెండూ కలిసి, దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు ఇటునుంచి అటు కనబడింది. లోపల పలచగా జిగురు రాసి ఆరబెట్టారు. చాలా చక్కగా వచ్చింది, అది కూడా చెప్పాలి.

తరవాత పళ్లెంలో పొడి ఎత్తుతూంటే ఓ చిన్న పెచ్చు కనబడింది. ఊరికే, అలవాటుకొద్దీ భూతద్దం కింద పెట్టారు. పెచ్చునిండా వరసగా సన్నటి చుక్కలు. ఒకప్పుడు నెత్తురు పారిన దారులు. బురదకి నెత్తురెక్కడిది?

తను తొలిచింది బురద కాదు. ఆ ఎముక నడిమధ్యదాకా ఎముకే, గుల్ల లేదు, బావ చెప్పినట్టే, ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నట్టే. దాన్ని గుల్ల చేసింది తన చెయ్యి. సూదిగారు పళ్లెంలో పొడిని వేలితో కదిపి చూశారు, దాన్ని మళ్లీ ఎముకలో పెట్టగలిగినట్టు. షెల్ఫు మీద కెమెరా ఉంది, అందులో ఈ ఎముక బొమ్మ ఒక్కటీ లేదు. ఏడుద్దామంటే ఏడుపూ రాలేదు.

బుధవారం చెప్పేద్దామని అక్కవాళ్లింటికి వెళ్లారు. మాస్టారు గురువారం వేసుకోవలసిన చొక్కా ముందురోజే వేసుకుని, రంగు బాగుందా అని అడుగుతున్నారు. నువ్వైనా చెప్పరా, పొద్దున్నుంచి ఇదే తంతు అని అక్క నవ్వుతోంది. సూదిగారు చొక్కా బాగుందని చెప్పి వచ్చేశారు.

గురువారం నిపుణురాలు నేలమాళిగలోకి దిగింది. పొట్టి జుట్టు, మెడలో భూతద్దం, మాటలో అతి లేదు. ఎముక ముందు నా చేతిలో పెట్టండి అన్నారు మాస్టారు. ఆవిడ సరేనంది. మాస్టారు ఎముకని అరచేతిలో దొర్లించి, గుండుసూది ఒకటి అడిగి తీసుకుని కొసలో దూర్చారు. సూది ఎక్కడా తగలకుండా లోపలికి పోయింది. రెండో కొస చూశారు. అటునుంచీ అంతే.

"గుల్ల," అన్నారు మెల్లిగా.

ఆ మొహంలోని వెలుగు అలా దిగిపోతూంటే చూడలేక సూదిగారు అప్పుడు చెప్పేశారు. గట్టి ఎముకని బురదనుకుని తనే తొలిచానని, ఫోటో తీయలేదని, పెచ్చు చూశాక గానీ తెలియలేదని, ఒక్కటీ దాచలేదు. పొడి కట్టిన పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టారు.

నిపుణురాలు పెచ్చుని చాలాసేపు చూసింది. ఇది ఎముకే, కానీ ఎముకలో ఏ భాగానిదో చెప్పలేను, పైనుంచి రాలిందైనా కావచ్చు అంది. లోపలి గోడ మీద సూది గీతలు ఉన్న మాట నిజమేనని, బురద తీసినా గీతలు పడతాయని అంది. ఎముకని అడ్డంగా కోసి చూస్తే ఏమైనా తెలియవచ్చు, తెలియకపోనూవచ్చు అని కూడా అంది. తరవాత తలెత్తి గోడ మీది కాగితం చదివింది. ఇది రాసిందెవరని అడిగింది. నేనే అన్నారు సూదిగారు. ఆవిడ జాలిగా ఓ చూపు చూసింది. తన మాట ఆవిడ నమ్మలేదని ఆ చూపుతో సూదిగారికి అర్థమైపోయింది.

"కొయ్యండి బావా, కొయ్యమనండి. తెలుస్తుంది," అని బతిమాలారు.

"ఉన్నదే ఒక్క ఎముక. నా పరువు కోసం దాన్నీ ముక్కలు చెయ్యాలా?" అన్నారు మాస్టారు. గొంతులో కోపం లేదు. "నువ్వు ఇలాంటిదేదో చెబుతావని నాకు తెలుసురా."

"అక్క మీద ఒట్టు, బావా. నేనే గుల్ల చేశాను."

మాస్టారు చెయ్యి చాచి, తడుముకుని, బావమరిది భుజం పట్టుకున్నారు.

"నాలుగు పేరాలు మింగావు, అవి తరవాత ఇంకొకరి చేత చదివించుకున్నాను. వాతావరణం రెండుసార్లు చదివావు. నాకు కళ్లే కదరా పోయింది? నా మనసు నొచ్చుకోకూడదని ఇన్నేళ్లు అబద్ధాలాడావు, ఇవాళ ఇంకొకటి. నీ చెయ్యి నాకు తెలీదా? అది తప్పు చేసే చెయ్యి కాదు."

సూదిగారు నిపుణురాలి వైపు చూశారు. ఆవిడ కళ్లు దించుకుంది. పరాయి మనిషికి ఇది తీరా చూస్తే ఓ మంచి బావమరిది కథ, అంతే. గట్టి ఎముకని నేనే పాడుచేశానురా బాబూ అని గొంతు చించుకున్నా వినేవాళ్లు లేరు. చెప్పే మనిషి మంచివాడు కావడమే వచ్చిన చిక్కు. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒక్కటి, ఒక్క ఎముక పాడుచేసి ఉన్నా ఇవాళ నమ్మేవారేమో.

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చుని కాగితం, కలం తీసుకోమన్నారు. జాబితా అచ్చుకి వెళ్లేలోపు ఆవిడ చేతికే ఇచ్చి పంపాలట. ఆయన చెబుతూ పోయారు, సూదిగారు రాస్తూ పోయారు. వేరే రాద్దామా అన్న ఆలోచన రాకపోలేదు, ఆయనకి కనబడదు కదా. కానీ పక్కనే నిలబడి ఆవిడ చూస్తోంది, పైగా ఇక తన మాట ఎవరికీ మాట కాదు.

"ఇప్పుడు చదువు," అన్నారు మాస్టారు. "ఏమీ మింగకుండా."

సూదిగారు చదివారు. రెక్క ఎముక దొరికింది. అది లోపల గుల్లగా ఉంది. కాబట్టి ఈ పక్షి మునిగేది, ఎగిరేది కూడా. ముప్ఫై ఏళ్లుగా నేను చెప్పింది పొరపాటు, దానికి బాధ్యత నాదొక్కడిదే. మాస్టారు మళ్లీ మొదటినుంచి చదివించి, ఒక్క మాటా తగ్గలేదని తల పంకించారు.

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

సూదిగారు కలం ఆయన వేళ్ల మధ్య పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని, తీసుకెళ్లి గీత మీద ఆనించారు.