లప్పం బండి

పండక్కి ముందే మా లైన్లో జనాన్నెక్కించుకు తిరిగే జీప్నీ బండ్లన్నీ ఆకుపచ్చ రంగు వేయించుకోవాలని డ్రైవర్ల సంఘం తీర్మానించింది. రంగుకి ముందు తనిఖీ. తనిఖీ అంటే సంఘం అధ్యక్షుడు యుసెబియో చేతిలో ఒక అయస్కాంతం. రేకుకి అంటుకుంటే మంచి బండి. జారిపడితే రేకు తుప్పు తినేసిందని, పైన లప్పం పూసి రంగుతో కప్పారని లెక్క. అలాంటి బండి లైన్లో తిరగకూడదు.

యుసెబియో నా బావమరిది. వాళ్ళక్క లియోనిలా నా భార్య. పోయి ఏడాదైంది. బండి ఆమె కొన్నదే. నేను ఓడ పనిలో ఉండగా బిబింకా రొట్టెలమ్మి కూడబెట్టి, తనావువాన్ ఊళ్ళో ఒక ముసలాయన దగ్గర కొంది. ఆమె శవం దగ్గర కూర్చుని కాఫీ తాగుతూ యుసెబియో నలుగురితో అన్నాడు: "పాపం అక్క, ఉన్నదంతా పెట్టి లప్పం ముద్ద కొనుక్కుంది." నలుగురూ నవ్వారు. నేను విన్నాను.

తనిఖీ సల్వాసియోన్ షెడ్డులో జరిగింది. మా లిపా ఊళ్ళో బండ్లకి రంగులు వేసేది ఆవిడే. యుసెబియో నా బండి ఎడమ పక్కన అయస్కాంతం పెట్టాడు. కింద పడింది. కుడి పక్కన పెట్టాడు. అక్కడా పడింది.

"విన్నావా బావా?"

"కిందపడ్డ చప్పుడేగా. విన్నాను."

"మొత్తం లప్పమే. తుక్కుకి వేసెయ్. లైన్లో నీ చోటు మా అల్లుడికిద్దాం. వాడి బండి సిద్ధంగా ఉంది."

"ఈయన బండి చూడకముందే సిద్ధమైందా?" అంది సల్వాసియోన్. చుట్టూ నిలబడ్డ డ్రైవర్లు అటూ ఇటూ చూశారు.

నేనన్నాను: "ఇప్పుడే మీ అందరి ముందు రంగు ఊడదీస్తాను. లప్పం ఉంటే తాళం నీ చేతికిస్తాను. లేకపోతే పండగ రోజు వరసలో నా బండి ముందుంటుంది. శవం దగ్గర అన్న మాట నువ్వు వెనక్కి తీసుకుంటావు."

"ఏమన్నాను?"

"నీకు గుర్తులేకపోతే వీళ్ళనడుగు. నవ్వింది వీళ్ళే."

సరేనన్నాడు. వాడికి అనుమానమే లేదు. నాకుంది. లోపల ఏముందో నాకూ తెలియదు. లియోనిలా ఎంచిన వస్తువు చెడ్డదై ఉండదన్న నమ్మకం తప్ప నా దగ్గర ఇంకేం లేదు.

తలుపు పక్క రేకుకి రంగు ఊడదీసే మందు దట్టంగా పూసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కాగితం కప్పాను. ఒక చుక్క మణికట్టు మీద పడి నిప్పులా మండింది. నీళ్ళతో కడుక్కున్నాను. కాగితం కింద రంగు పాల మీద మీగడలా ముడతలు పడి లేచింది. గీకుడు రేకు వాలుగా పట్టి తోశాను. నీలం పోయింది. దాని కింద ఎరుపు. మళ్ళీ మందు, మళ్ళీ కాగితం. ఎరుపూ పోయింది. బూడిదరంగు బయటపడింది.

"అదిగో లప్పం," అన్నాడు యుసెబియో. తాళం కోసం చెయ్యి చాపాడు.

నా చెయ్యి జేబులో తాళం మీదికి వెళ్ళింది.

సల్వాసియోన్ వంగి గోరుతో గీరింది. "చెయ్యి దించు నాయనా. లప్పమైతే పెళ్ళలుగా రాలుతుంది. ఇది తొక్కలా లేస్తోంది. ఇది రంగు కింద పూత. కానివ్వు ప్రోకోపియో."

తోశాను. పూత ఒక్క పట్టీగా చుట్టుకుంటూ వచ్చేసింది. తడిగుడ్డతో తుడిచాను. రేకులో మసగ్గా నా మొహమే కనిపించింది.

యుసెబియో అయస్కాంతం తెచ్చి తళతళలాడుతున్న రేకు మీద పెట్టాడు. జారిపడింది. ఇంకోసారి పెట్టాడు. ఇంకోసారి పడింది.

సల్వాసియోన్ పగలబడి నవ్వింది. "స్టెయిన్‌లెస్ స్టీలయ్యా ఇది. దీనికి నీ అయస్కాంతం ఈ జన్మకి అంటుకోదు. ఇంటికెళ్ళి అన్నం గిన్నెకి పెట్టి చూసుకో, మీ ఆవిడ నెత్తిన కొట్టకపోతే. తుప్పే పట్టదు దీనికి, ఇంక లప్పమెందుకు? ఆ ముసలాయన కూడా ఇలాంటి సంఘమేదో చెబితే రంగు పూసుంటాడు."

"ప్రోకోపియో అన్నా, మిగతాదానికి మేమూ ఓ చెయ్యి వేస్తాం," అన్నారు డ్రైవర్లు.

"అక్కర్లేదు. పక్కన నిలబడి చూడండి."

చూశారు. బండి మొత్తం నేనే ఒలిచాను. భుజాలు పడిపోయాయి. ఇంత సుఖం నాకు ఆమె పోయాక ఎప్పుడూ లేదు. ఆకుపచ్చ ఎలా అని ఎవరో అడిగితే, కిటికీల కింద ఒక్క పట్టీ చాలంది సల్వాసియోన్. సంఘం ఒప్పుకుంది. ఒప్పుకోక చస్తుందా.

యుసెబియో నేల చూస్తూ గొణిగాడు. "ఆ రోజు నేనన్నది తప్పు."

"వెనకవాళ్ళకి వినపడలేదు."

గట్టిగా అన్నాడు. ఆ తర్వాత చెయ్యి చాపాడు. "మంచి వస్తువుని పట్టడంలో అక్క చూపు మా నాన్న చూపే బావా."

"ఆ మాట మీ అక్క బతికుండగా అనాల్సింది." చెయ్యి అందుకోలేదు.

పండగ రోజు వరసలో నా బండే ముందు. ఎండ దాని మీద పడితే ఎదుటివాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ఆడపిల్లలు ఎక్కే ముందు దాని పక్కన నిలబడి జుట్టు సర్దుకున్నారు. చర్చి మలుపులో యుసెబియో కొత్త చొక్కా వేసుకుని బండి ఆపమని చెయ్యెత్తాడు.

"చోటు లేదు," అన్నాను.

ఒక సీటు ఖాళీగానే ఉంది. పోనిచ్చాను.