పూడిక

ఇస్త్రీకి వెళ్లే బట్టల చీటీ రాస్తున్నాను. చొక్కాలు ఆరు, ప్యాంట్లు నాలుగు, దుప్పట్లు రెండు. మా ఆయన వెనకనుంచి వచ్చి నా చేతిలోంచి పెన్ను లాగేసుకున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఈ రాత గుమ్మం దాటకూడదని."

చీటీ చింపి, ముక్కలు సింకులో తడిపి, చెత్తబుట్టలో వేశాడు. తర్వాత తనే ఇంకో చీటీ రాశాడు. దుప్పట్లు మర్చిపోయాడు.

ఇరవై మూడేళ్ల కాపురంలో ఇదేం కొత్త కాదు. నేను రాసిన కాగితం ఏదీ ఈ ఇంట్లోంచి బయటికి వెళ్లదు. చుట్టాలకి ఉత్తరాలు ఆయనే రాస్తాడు. పాప స్కూలు డైరీలో సంతకం ఆయనే పెట్టేవాడు. "వాళ్లమ్మగారికి చదువు రాదాండీ?" అని టీచరు అడిగిందట ఒకసారి. ఆయన నవ్వి ఊరుకున్నాడట. ఇంటికొచ్చి అదో జోకులా చెప్పాడు. అత్తయ్య కూడా నవ్వింది. బ్యాంకులో పెట్టడానికి నాకో దొంగ సంతకం ఉంది. వంకర గీత, దాని కింద చుక్క. అది పెట్టినప్పుడల్లా ఎవరి గుమ్మంలోనో చెప్పులు దొంగిలించినట్టు ఉంటుంది నాకు.

ఎందుకంటే నా చేతిరాత నాది కాదు. మా నాన్నది.

మా నాన్న పేరు చెబితే చాలు, ఎవరైనా ఏదో ఒక పాట అందుకుంటారు. ఆయన నోటు పుస్తకాల్లో పేజీలు పోస్టర్లయ్యాయి, కాఫీ కప్పుల మీదకి ఎక్కాయి. ఆ గుండ్రటి అక్షరాలు, 'గ'కి అక్కర్లేని తోక, 'రి' మీద పక్కకి వాలిన గుడి, అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే. నా పదకొండో ఏట ఆయన కుడిచేతి వేళ్లు వణకడం మొదలైంది. సంగీత దర్శకుడి చెయ్యి వణుకుతోందని తెలిస్తే మర్నాటి నుంచి గుమ్మం తొక్కేవాడు ఉండడని ఆయన భయం. ఫోటోల్లో ఆ చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. అది స్టైలనుకుని ఒక తరం కుర్రాళ్లంతా కుడిచెయ్యి జేబులో పెట్టుకుని తిరిగారు. ఎవరైనా ఆటోగ్రాఫ్ అడిగితే, "ఉత్తరం రాయి నాన్నా, పంపిస్తాను" అనేవాడు. పంపించేదాన్ని నేను. ఆయన పాడేవాడు, నేను అచ్చం ఆయన రాతలోనే స్వరాలు రాసేదాన్ని.

నాకు పద్నాలుగేళ్లప్పుడు ఒకరోజు చరణం మధ్యలో ఆగిపోయాడు. "ఇక్కడ గుంట పడిందమ్మా. నువ్వేదైనా పూడిక వెయ్యి. పొద్దున్న చూస్తాను" అన్నాడు. వేశాను. నాది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో ఆయనకి తెలియాలి కదా? అందుకని ముందొక చిన్న సున్నా, చివర ఒక చిన్న సున్నా పెట్టాను. ఆయన చూసి, "ఊఁ, ఉండనీ" అన్నాడు. ఆ 'ఊఁ'తో నేను వారం రోజులు నేల మీద నడవలేదు. పాట విడుదలయ్యాక రేడియోలో విని అందరూ ఆ ఒక్క వరసే పదేపదే పాడుకుంటున్నారని తెలిసి, గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. సంతోషంతోనే అనుకున్నాను అప్పుడు.

ఆ తర్వాత పూడిక మా ఇంటి మాట అయిపోయింది. "స్నానానికి వెళ్తున్నాను, పూడిక చూడు." "అన్నం తిన్నాక పూడిక సంగతి చూసుకో." మొదట్లో ఒక వరస, తర్వాత ఒక చరణం. చివరి పదేళ్లు నాన్న పల్లవిలో మొదటి ముక్క పాడి సోఫాలో వాలిపోయేవాడు. అయినా సున్నాలు మాత్రం మానలేదు నేను. మానొద్దని ఆయన చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. ఒకసారి ఇంటికి పత్రికల వాళ్లు వచ్చారు. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. "మీ అమ్మాయి కూడా సంగీతం చేస్తుందా సార్?" అని అడిగారు. నాన్న నావైపు చూడకుండా, "అబ్బే, దానికి అబ్బలేదండీ. కాఫీ మాత్రం బ్రహ్మాండంగా పెడుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు కదా? వాళ్లు ఆ రోజు పొగడటానికి వచ్చిన పాటలో సున్నాకీ సున్నాకీ మధ్య రెండున్నర పేజీలు ఉన్నాయి.

మా ఆయన మొదట్నుంచీ నాన్న దగ్గర అసిస్టెంటు. రికార్డింగు తేదీలు చూసుకునేవాడు. రహస్యం తెలిసిన ఒక్కడు. అందుకే నాన్న నన్ను అతనికిచ్చి చేశాడు. పెళ్లి నన్ను చేసుకున్నాడో, నా కుడిచేతిని చేసుకున్నాడో ఇప్పటికీ చెప్పలేను.

నాన్న పోయి ఏడాదైంది. ఆయన పేరు మీద ట్రస్టు ఉంది, మా ఆయనే కార్యదర్శి. నాన్న పేరు మీద మ్యూజియం ఉంది. వచ్చే ఆదివారం ఆ మ్యూజియంలోనే కొత్త హాలు తెరుస్తున్నారు. ఆ రోజు వాయించబోయేది 'ఆయన ఆఖరి రచన'. మా అటక మీద పెట్టెలో దొరికింది. నీలం అట్ట పుస్తకం, పదకొండు పేజీలు, మాటల్లేని సంగీతం. చివరి పేజీలో సగంలో ఆగిపోయింది. చేతిరాత నిపుణుడిని పిలిపించారు. పాత పుస్తకాలు, ఆటోగ్రాఫులు అన్నీ పక్కన పెట్టి, భూతద్దంతో రెండు రోజులు చూసి, నూటికి నూరుపాళ్లు ఆయనదే అని రాసిచ్చాడు. ఆ రిపోర్టు పేపర్లో చదువుతూ నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. గింజలు చెత్తలోకి, తొక్కలు గిన్నెలోకి వేశానని తర్వాత అత్తయ్య చెప్పింది.

ఆ పుస్తకం నాది. అందులో నాన్న పాడిన ముక్క ఒక్కటి కూడా లేదు. పాప కడుపులో ఉన్నప్పుడు, నాన్న విదేశాల్లో ఉన్న మూడు నెలల్లో రాశాను.

చీటీ చింపిన రోజు, కాఫీ అయ్యాక, మా ఆయన ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. 'సదరు పుస్తకంలోని చేతిరాత మా తండ్రిగారిదని ధ్రువీకరిస్తున్నాను.' కింద గీత. "మధ్యాహ్నం రిహార్సల్ దగ్గర అందరి ముందూ సంతకం పెట్టాలి. ఆ వంకర సంతకమే పెట్టు" అన్నాడు.

ఇంక ఊరుకోలేకపోయాను. "ఏవండీ, అది నాన్నది కాదు."

ఆయన కప్పు కింద పెట్టలేదు. "తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"ఆ ఏడాది మీ నాన్నకి ఒక్క వరస తోచిందా? పక్కన ఉన్నది నేనే కదా. తెలియకుండా ఎలా ఉంటుంది?"

"మరి నా పేరు..."

"నీ పేరుతో ఎవరు వింటారే? హాలు ఊడవటానికి కూడా ఎవరూ రారు. ఇది నాదని నువ్వన్నావనుకో, రేపు మిగతావి కూడా ఎవరివని అడుగుతారు. కన్నతండ్రిని నడిబజార్లో నిలబెడతావా? మనం తినే తిండి ఆ పేరుదే, ఉండే ఇల్లు ఆ పేరుదే." తర్వాత మెత్తగా అన్నాడు. "పూర్తి కూడా కాలేదుగా. అదృష్టం కొద్దీ మీ నాన్న పెద్ద శిష్యుడు పూర్తి చేసి పెట్టాడు."

"శిష్యుడు పూర్తి చేశాడా?"

ఆహ్వానపత్రం తెచ్చి చూపించాడు. నాన్న పేరు కింద, బంగారు అక్షరాల్లో, 'పూరించినవారు' అని ఉంది. దాని పక్కన శిష్యుడి పేరు, శిష్యుడి ఫోటో. ఆ ఫోటోలో అతని కుడిచెయ్యి జేబులో ఉంది.

నేను ముప్ఫై ఏళ్లు పూడికలు వేశాను. అచ్చులో నా పేరు ఒక్క అక్షరం పడలేదు. నా గుంట పూడ్చినవాడికి బంగారు అక్షరాలు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. వెళ్లి కట్టేశాను. కోపం రాలేదు. లోపల ఏదో సర్దుకుని కూర్చుంది, అంతే. "పెన్ను ఇవ్వండి, దగ్గర ఉంచుకుంటాను" అని చెయ్యి చాపాను. ఇచ్చాడు.

మ్యూజియంలో కొత్త వార్నిష్ వాసన. ఇరవై మంది వాయిద్యకారులు. గాజుపెట్టెలో నా నీలం పుస్తకం, మొదటి పేజీ తెరిచి ఉంది. వాయించడం మొదలుపెట్టారు. ఇరవై రెండేళ్ల తర్వాత మొదటిసారి అది నా తలలోంచి బయటికి వచ్చింది. మూడో పేజీలో వేణువు అందుకునేసరికి, కడుపులో పాప తన్నిన చోట చెయ్యి పెట్టుకున్నానని నాకే తెలియలేదు. తర్వాత శిష్యుడు రాసిన భాగం వచ్చింది. పెద్ద గంట మోత, నిశ్శబ్దం, మళ్లీ గంట మోత.

మ్యూజియంలో నోటు పుస్తకాల జాబితా రాసే అమ్మాయి నా పక్కకి వచ్చింది. దళసరి కళ్లద్దాలు, చేతిలో ఫైలు. "మేడమ్, ఒక అనుమానం. నాన్నగారి పుస్తకాల్లో చిన్న సున్నాలుంటాయి కదా? అవేంటో మీకేమైనా చెప్పారా?"

శిష్యుడు అటువైపు నుంచే అందుకున్నాడు. "అది శూన్యం అమ్మా. గురువుగారి మౌనం. నేను దానిమీద పుస్తకమే రాశాను. ఈ గంటల మధ్య నిశ్శబ్దం అదే."

"చదివాను సార్. కానీ నేను రెండేళ్లుగా లెక్కపెడుతున్నాను. సున్నాలు ఎప్పుడూ జంటలుగానే ఉన్నాయి. తొలి పుస్తకాల్లో రెంటికీ మధ్య ఒక్క వరసే. చివరి వాటిలో నాలుగేసి పేజీలు. ఈ నీలం పుస్తకంలో మాత్రం మొట్టమొదట ఒకటి ఉంది, రెండోది ఎక్కడా లేదు."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ముందు సంతకం కానివ్వండి. ఆవిడకి సంగీతం గురించి అంతగా తెలియదు."

సంగీతం తెలియని ఆవిడ గాజుపెట్టె మీదకి వంగి చూసింది. నిజమే. నాన్న వరస ఏదీ లేకపోయినా, అలవాటు కొద్దీ మొదట్లో సున్నా పెట్టాను. దేన్ని పూడుస్తున్నానో కూడా తెలియకుండా. చివరి సున్నా పెట్టేలోపే నొప్పులు వచ్చాయి. మిగిలిన మూడు వరసలూ కాగితం మీదకి ఎక్కలేదు. పాపని నిద్రపుచ్చుతూ పాడాను. అది ఇప్పటికీ తల దువ్వుకుంటూ కూనిరాగం తీస్తుంది. తనకి అదెక్కడిదో తెలియదు.

కాగితం తీసుకున్నాను. మా ఆయన వేలితో గీత చూపించాడు. నేను కాగితం తిరగేశాను. ఖాళీ వైపున, గాజుపెట్టె మీదే పెట్టి, స్వరాలు రాయడం మొదలుపెట్టాను. తోక ఉన్న 'గ'. గుడి పక్కకి వాలిన 'రి'. ముందు వయొలిన్ల వాళ్లు లేచి చూశారు. తర్వాత వేణువు ఆయన. "ఏం చేస్తున్నావు?" అన్నాడు మా ఆయన, పెదవులు కదపకుండా. శిష్యుడి చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. ఆ అమ్మాయి నా చేతి కింద కదులుతున్న అక్షరాల్నీ, అద్దం కింద ఉన్న అక్షరాల్నీ మార్చి మార్చి చూస్తోంది.

నాన్నా, నువ్వే ఉండి ఉంటే ఏమనేవాడివో నాకు తెలియదు. బహుశా 'ఊఁ' అనేవాడివి.

మూడు వరసలు అయిపోయాయి. చివర ఒక చిన్న సున్నా పెట్టి, కాగితం ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

"ఆ సున్నా నుంచి ఈ సున్నా దాకా నేను రాసింది. మిగతా పుస్తకాలు కూడా అలాగే చదువుకో అమ్మా."