అనుమానాలేమైనా ఉన్నాయా?

తహసీన్ మేడమ్‌కి ఈ ప్రపంచంలో అనుమానం లేనిది ఒక్క గణితం మీదనే. మిగతాదంతా ఆమె దృష్టిలో ఇంకా నిరూపణ కావలసిన సంగతే. ఏలూరులో బండివాడు తూచి ఇచ్చిన వంకాయల్ని ఇంటికి తెచ్చి మళ్ళీ తూచేది. రోజూ ఎక్కే కైకలూరు బస్సే అయినా, ఇది కైకలూరే వెళ్తుందా అని కండక్టర్నొకసారీ డ్రైవర్నొకసారీ అడిగేది. పరదాల కొట్టు నడిపే భర్త పర్వేజ్ కొత్త చొక్కా వేసుకుంటే కొట్టుకి ఎవరొస్తున్నారని కూపీ లాగేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. అంత తేలిగ్గా నవ్వేశాడంటే లోపల ఏదో ఉందని ఆమెకు ఇంకో అనుమానం.

ఇంతటి మనిషి క్లాసులో మాత్రం ఏ పిల్లకీ ఏ పిల్లాడికీ ఏ అనుమానమూ వచ్చేది కాదు. కొల్లేటి అంచున ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో ఆమె లెక్కల శాఖకి పెద్ద. కాలేజీ పేరుతో మనకి పనిలేదు. పాఠం అయ్యాక చేతుల సుద్ద దులుపుకుని, పూసల గొలుసుకి వేలాడే కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "అనుమానాలేమైనా ఉన్నాయా?" అని అడిగేది. ఒక్క చెయ్యి లేచేది కాదు. ఆ నిశ్శబ్దాన్ని చూసుకుని ఆమె మురిసిపోయేది. లెక్క చెప్పడమంటే గోడ కట్టడమనీ, ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు లేకుండా కడితే అనుమానం దూరే చోటే ఉండదనీ ఆమె నమ్మకం. ఆమె నమ్మిన కొద్ది సంగతుల్లో అదొకటి.

ఆ గోడకి అవతల సెక్షన్లో నెల్సన్ పాఠం చెప్పేవాడు. గెస్ట్ లెక్చరరు. ఆ మాటలోనే ఉంది కదా, పొమ్మంటే పోవలసినవాడే. మెత్తగా మాట్లాడతాడు, గట్టిగా పలకరిస్తే చెవులు ఎర్రబడతాయి. అతని క్లాసు మాత్రం చేపల వేలంపాటలా ఉండేది. లెక్క సగం చేసి సుద్ద కింద పెట్టేసేవాడు. తర్వాతేమిటని పిల్లలు వాదులాడుకుంటుంటే తాను చివరి బెంచీలో కూర్చుని వినేవాడు. ఆ గోల భరించలేక తహసీన్ రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి గొంతు సవరించి వచ్చింది.

"అనుమానం రాకుండా చెప్పడమేనండీ, చెప్పడమంటే," అందొకరోజు స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా విప్పుతూ.

నెల్సన్ అన్నం కలుపుతున్నవాడల్లా ఆగాడు. "నాకైతే అండీ, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదంటే భయమేస్తుందండీ. అసలు నా దాకా వచ్చారా లేదా అని."

మాట మెత్తగానే ఉంది. కానీ అది తన క్లాసు గురించే అన్నాడని ఆమెకు అనిపించింది. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. అప్పటినుంచి నెల్సన్ మీద ఓ కన్నేసి ఉంచింది.

కన్నేసి ఉంచాక ఏదో ఒకటి కనపడకపోదు కదా. సాయంత్రం ఆఖరి పీరియడ్ అవ్వగానే తన సెక్షన్ పిల్లలు, అతని పిల్లలు కారు, తన పిల్లలే, గుంపుగా ఎటో మాయమవుతున్నారు. వరండాలో చెవులు కొరుక్కుంటున్నవాళ్ళు తనని చూడగానే బెల్లం కొట్టిన రాళ్ళలా అయిపోతున్నారు. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి నెల్సన్ బండి కూడా అటే వెళ్తోంది. మర్నాడు పొద్దున అతని జేబులోంచి కళ్ళజోడు గొలుసొకటి వేలాడుతూ కనపడింది. ముప్పై కూడా నిండని కుర్రాడికి కళ్ళజోడెందుకు? ఆమె చూడగానే దాన్ని గబుక్కున లోపలికి తోసేశాడు. ఇవన్నీ ఒక ఎత్తయితే, ఓ సాయంత్రం బస్టాండు దగ్గర అతని బండి సంచీలోంచి కొరమీను తోక బయటికి పొడుచుకొచ్చి కనపడటం ఒక ఎత్తు.

అటెండరు తాతారావుని పిలిచి టీ తెమ్మంది. టీతో పాటు కావలసిన కబురూ తెచ్చాడు. పిల్లలు వెళ్ళేది ముత్యాలరాజు ఐసు షెడ్డుకట. ఆయన తహసీన్ క్లాసులో మొదటి బెంచీలో కూర్చునే బేబీరాణి తండ్రి. చెరువుల చేపల్ని ఐసులో పెట్టి లారీలకెక్కిస్తాడు. నెల్సన్ సారు అక్కడే కూర్చుంటున్నాడట. ఎందుకో తనకు తెలియదనీ, తెలియని సంగతి తాను చెప్పడనీ తాతారావు ముందే చేతులు దులుపుకున్నాడు.

ఆమెకి ఇంకేం కావాలి? లెక్క చకచకా తేలిపోయింది. తన పిల్లలకి తన చాటున ట్యూషన్. ఫీజు కొరమీను. తన పాఠం అర్థం కావడం లేదని ఊరంతా టముకు. ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకి ఎక్కడా జారకుండా వచ్చింది. ఇదే నిరూపణ ఏ విద్యార్థైనా పరీక్షలో రాస్తే, మధ్యలో చూడకుండా అనుకున్నవెన్నో ఎర్ర సిరాతో గీసి సున్నా వేసేది. కానీ దిద్దేవాళ్ళు లేని చోట ఎవరి లెక్క వాళ్ళకి ముద్దు. అదీగాక కడుపులో మంట. తనని ఒక్క ప్రశ్న కూడా అడగని పిల్లలు, మొదటి బెంచీలో బుద్ధిగా తలూపే ఆ బేబీరాణి, పోయి పోయి అతని దగ్గర కూర్చుంటారా?

మర్నాడు ప్రిన్సిపాల్ హేమంత్‌కుమార్ ఆమెను గదికి పిలిచాడు. వైస్ ప్రిన్సిపాల్ పదవికి ఆమె పేరే పైకి పంపుతున్నట్టు చల్లగా చెప్పి, గెస్ట్ లెక్చరర్ని ఉంచాలా వద్దా అన్న సంగతి కూడా ఆమెనే అడిగాడు. ట్యూషన్లు చెప్పకూడదన్నది కాలేజీ నియమం.

"పిల్లల్ని బయట చేరదీసి ట్యూషన్ చెబుతున్నాడని నాకు అనుమానమండీ," అంది తహసీన్.

అనుమానమని మాత్రమే అన్నానని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. మీరు చూశారా అని ఆయన అడుగుతాడేమోనని లోపల కొంచెం బెదురు కూడా ఉంది. ఆయన అడగలేదు. తాను చూసుకుంటానని చెప్పి పంపేశాడు.

గది బయటికొచ్చాక ఆమెకు మనసు కుదురుగా లేదు. చూడాలి. ముందు అనేసి తర్వాత చూడటం పద్ధతి కాదని ఆమెకి తెలుసు. కానీ చూశాక తన మాటే నిజమవుతుంది కాబట్టి ఫరవాలేదనుకుంది. సాయంత్రం ఏలూరు బస్సు వదిలేసి, ఆటో ఎక్కి ముత్యాలరాజు షెడ్డు చెప్పింది.

షెడ్డు ముందు ప్లాస్టిక్ ట్రేలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. చేపల నీచు, తడి ఊక వాసన. ఐసు మిల్లు చప్పుడు ఆగినప్పుడల్లా లోపలి నవ్వులు వినిపిస్తున్నాయి. తహసీన్ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని ట్రేల సందులో నిలబడింది. ఈ వయసులో ఇదేం పనని సిగ్గేసినా, కాళ్ళు కదల్లేదు.

లోపల నెల్సన్ బోర్లించిన ట్రే మీద కూర్చుని ఉన్నాడు. మెడలో పూసల గొలుసు, దానికి కళ్ళజోడు. ఎదురుగా బేబీరాణి చేతులు కట్టుకుని నిలబడింది. మిగిలినవాళ్ళు మూటల మీద, పెట్టెల మీద సర్దుకున్నారు. నెల్సన్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఒక కనుబొమ ఎత్తి, గొంతు మార్చి, "అనుమానాలేమైనా ఉన్నాయా?" అన్నాడు.

తహసీన్‌కి తల కొట్టేసినట్టయింది. అది తన గొంతే.

"నాదొక అనుమానమండీ మేడమ్," అంది బేబీరాణి. "లిమిట్ లెక్కలో పైనా కిందా ఎక్స్ మైనస్ టూ కొట్టేసేటప్పుడు, ఎక్స్ రెండు కాదు కాబట్టి కొట్టెయ్యొచ్చన్నారండీ. కొట్టేశాక ఎక్స్ బదులు రెండే వేశారండీ. కాదన్న రెండు మళ్ళీ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"నిన్న ఈ పాఠం చెప్పినప్పుడు ఎక్కడున్నావమ్మా నువ్వు?"

పిల్లలు ఘొల్లుమన్నారు. బేబీరాణి ముఖం చిన్నబుచ్చుకుని కూర్చోబోయింది. నెల్సన్ కళ్ళజోడు తీసేశాడు.

"ఇదిగో, ఇలా కూర్చోకూడదమ్మా. అలా అన్నా సరే, ఎందుకండీ అని ఇంకోసారి అడగాలి."

"మేడమ్ మమ్మల్నేదో తప్పుచేసినవాళ్ళని చూసినట్టు చూస్తారండీ. మీరే చెప్పెయ్యొచ్చు కదండీ?"

"నేను చెప్పకూడదు, అది ఆవిడ పాఠం. పైగా ఆవిడకి నాకంటే బాగా తెలుసు. ఇలాంటిది ఒక్కటి అడిగి చూడండి, ఆవిడ ఎంత సంతోషిస్తారో. మళ్ళీ మొదటినుంచీ. లే."

ట్యూషన్ లేదు. ఇది తనని ప్రశ్న అడగడానికి ధైర్యం కూడగట్టుకునే రిహార్సలు. కొరమీను సంగతి ఆ ఐసు పెట్టెల్ని చూస్తేనే తెలుస్తోంది, అక్కడికొచ్చినవాడు చేప కొనకుండా ఇంటికెలా వెళ్తాడు? ఇన్నేళ్ళుగా తాను మురిసిపోయిన నిశ్శబ్దం ఏమిటో తహసీన్‌కి అప్పుడు తెలిసింది. అది భయం. ఉత్త భయం. కోపమొచ్చిందా అంటే వచ్చింది, కానీ ఎవరి మీద చూపాలో తెలియలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంతలో నెల్సన్ ఫోన్ మోగింది. లేచి నిలబడి మాట్లాడాడు. "అలాగేనండీ," అన్నాడు. ఎందుకని అడగబోయి ఆగిపోయి, మళ్ళీ "అలాగేనండీ," అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ తిరిగేసరికి, ట్రేల పక్కన ఉన్న తహసీన్ కనపడింది. కళ్ళజోడు గొలుసు ఇంకా అతని మెడలోనే ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. పిల్లలందరూ లేచి నిలబడ్డారు.

తనని అనుకరించినందుకు అతను క్షమాపణ చెప్పబోతున్నాడనుకుంది. అతను అన్నది అది కాదు.

"మేడమ్, ప్రిన్సిపాల్ సార్ రేపటినుంచి రావద్దంటున్నారండీ. ఎవరో ఏదో చెప్పారటండీ. మీరొక మాట చెప్పి చూస్తారా? మీ మాటంటే సార్ వింటారు."

తహసీన్ తలూపింది. అంతకు మించి ఆమె వల్ల కాలేదు. ఆటోలో కూర్చున్నాక, ఆ తలూపడం బేబీరాణి రోజూ తన ముందు ఊపే తల లాగే ఉందని గుర్తొచ్చి ముఖం చీరకొంగులో దాచుకుంది.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి, ట్యూషన్ లేదనీ, స్వయంగా చూశాననీ చెప్పింది. హేమంత్‌కుమార్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. నిన్న ఎందుకు చూడలేదని ఆయన ఇప్పుడు అడిగాడు. వేరే ఎవరైనా అనుమానమంటే తాను ఆరా తీసేవాడేననీ, తహసీన్ మేడమ్ అంటే రుజువు లేనిదే నోరు విప్పదని కాలేజీ అంతటికీ తెలుసు కాబట్టి ఆ మాటనే రుజువుగా తీసుకున్నాననీ అన్నాడు. సంగతి అప్పుడే యాజమాన్యం దాకా వెళ్ళింది.

"వెనక్కి తియ్యాలంటే ఒకటే దారండీ. చూడకుండా ఆరోపించానని మీరు రాసివ్వాలి. అది మీ ఫైల్లో ఉండిపోతుంది. వైస్ ప్రిన్సిపాల్ మాట ఇక మర్చిపోవాలి. ఆలోచించుకోండి."

ఆలోచించుకుని చెబుతానంది. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. మెట్లు దిగుతూ ఎన్నో సర్దిచెప్పుకుంది. నెల్సన్ కుర్రాడు, ఇంకో కాలేజీ దొరక్కపోదు. తాను అన్నది అనుమానమే కదా, తీసేసింది ఆయన కదా. పైగా నష్టం పూడ్చడానికి తన దగ్గర వేరే మార్గం ఉంది. పిల్లలకిక భయం లేకుండా చేస్తుంది. బేబీరాణి అడగాలనుకున్న ఆ రెండు సంగతి ఈరోజే విడమరిచి చెబుతుంది. చేరడం వేరు, చేరువవడం వేరని, ఎక్స్ రెండుకి దగ్గరవుతున్న కొద్దీ లెక్క విలువ ఎటు పోతోందో చూడటమే మనం చేస్తున్నదని, పొద్దున బస్సులో వస్తూనే మాటలు కూడా పేర్చుకుని ఉంది.

నెల్సన్ పిల్లల్ని కూడా ఆమె క్లాసులోనే కూర్చోబెట్టారు. బెంచీకి అయిదుగురు. ఆమె ముందెన్నడూ లేనంత మెత్తగా పాఠం మొదలుపెట్టి, మధ్యలోనే సుద్ద ఆపింది. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది.

"అనుమానాలేమైనా ఉన్నాయా అమ్మా? ఏదైనా అడగండి. నేనేమీ అనను."

అప్పుడు బేబీరాణి లేచింది. తహసీన్‌కి గుండె తేలికైంది. జవాబు నాలుక మీదే ఉంది.

"నాదొక అనుమానమండీ," అంది బేబీరాణి. "నెల్సన్ సార్ని ఎందుకు తీసేశారండీ?"

నాకు తెలియదనొచ్చు. ఆఫీసు సంగతులు మీకెందుకనొచ్చు. నిన్న చెప్పినప్పుడు ఎక్కడున్నావమ్మా అన్న గొంతు ఆమెకు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. నోటి దాకా వచ్చిన ఆ గొంతుని మింగింది.

"నేను అనుమానపడ్డానమ్మా. ఆయన ట్యూషన్ చెబుతున్నారని ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. నా అనుమానం తప్పని తర్వాత తేలింది."

అక్కడికి ఆపెయ్యొచ్చనుకుంది. ఇంత ఒప్పుకోవడమే తన జన్మలో ఎక్కువ. బేబీరాణి కూర్చోబోయింది. మోకాళ్ళు కాస్త వంగాయి కూడా. మళ్ళీ నిటారుగా నిలబడింది.

"తప్పని తేలింది కదండీ. మరి సార్ ఎందుకు రాలేదండీ?"

తహసీన్‌కి మెట్ల మీద పేర్చుకున్నవన్నీ ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. ఆ పిల్ల ముందు చెప్పదగ్గది అందులో ఒక్కటీ లేదు. సుద్ద బల్ల మీద పెట్టింది.

"కూర్చోమ్మా. నేను చూడకుండా చెప్పానని ప్రిన్సిపాల్ గారికి రాసివ్వాలి. రాసిచ్చి వస్తాను."

బేబీరాణి కూర్చోలేదు. ఆ మాట నమ్మాలో వద్దో తేల్చుకోలేనట్టు చూస్తూ, మేడమ్ వరండా దాటి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళేదాకా అలాగే నిలబడి ఉంది.