తేట నీళ్ల సీసా

ఏడో తరగతిలో బడి మానేసి, ఫిల్మ్‌నగర్‌లో సెట్లకు రంగులేస్తూ నెరిసిపోయినవాణ్ణి. అయినా నీళ్ల గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. సినిమాలో విషపు కాలవ కావాలంటే మట్టి కలిపేది నేనే మరి.

బామ్మర్ది వెంకటనర్సయ్య ఊరి నుంచి రెండు సీసాల కాలవ నీళ్లు తెచ్చాడు. ఒకటి బొగ్గుగని నీళ్లు కలవకముందువి, రెండోది కలిశాకవి. ఆ నీళ్లు పారి అతని వరి మాడిపోతోంది. పరీక్షలో తేలితేనే అధికారులు గని నీళ్లను ఆపిస్తారట.

గని నీళ్లు కలిశాకవని చీటీ ఉన్న సీసాలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. కలవకముందువి అన్నదాంట్లో బురద. బస్సు బడలికలో తారుమారు చేశాడనుకుని, అతను స్నానానికి వెళ్లగానే చీటీలు మార్చేశాను. హైటెక్ సిటీ ఇంజనీర్లకు కూడా దొరకని తప్పు పట్టానని మురిసిపోయాను.

యూసుఫ్‌గూడ ల్యాబులో పద్మప్రియ అనే అమ్మాయి పరీక్ష చేసింది.

"బురదవి ఫర్వాలేదండీ. తేట నీళ్లలోనే ఉప్పు విపరీతం, వరి బతకదు. కానీ చీటీలో ఇవి గని నీళ్లు కలవకముందువని ఉందే?"

వెంకటనర్సయ్య నావైపు తిరిగాడు. "చీటీలు నువ్వు గిట్ల మార్చినవా బావా?"

"విలన్ మురికిగా ఉంటాడు కదా అని..."

"నా పొలం నీకు సినిమా లెక్క కొడుతుందా?"

చీటీలు మారిన సీసాలకు రిపోర్టు ఇవ్వలేనని, మళ్లీ తెమ్మని ఆ అమ్మాయి చెప్పింది. రేపు సాయంత్రం కాలవకు నీళ్లు కట్టేస్తారు, ఆ తర్వాత సీసా నింపడానికి నీళ్లుండవు. అక్కడి నుంచే బస్టాండుకు పరుగెత్తాం.

"నేనూ వస్తా" అన్నాను.

"రా. సీసాలు మాత్రం ముట్టకు. జర ముందుగాల పోయి సీటు ఆపు."

ఆ మాత్రం నమ్మకం నా మీద మిగిలింది.